వేళ్ళ మొదట్లో మంట: పాదంలో నరం నొప్పికి ఫిజియోథెరపీ



"సిస్టరమ్మా, చెప్పులో చింతగింజ పడినట్టుంటోంది. విప్పి దులిపితే ఏమీ రాలదు. నాలుగడుగులు వేస్తే మళ్ళీ అదే."

మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళే ఒక తల్లి మా ఓ.పి.లో అన్న మాట ఇది. ఆమె వయస్సు యాభైకి దగ్గర. కుడి పాదంలో మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య మంట. ఒక్కోసారి కరెంటు కొట్టినట్టు వేళ్ళ చివరిదాకా జివ్వుమంటుంది. ఆరు నెలలుగా ఊళ్ళో నొప్పి ఇంజెక్షన్లు వేయించుకుంటూ వచ్చింది. పాదం నొప్పి పోలేదు, కడుపులో మంట కొత్తగా వచ్చింది. పనికి వెళ్ళే రోజులు సగానికి తగ్గాయి. "ఇంక నేను కూలికి పోలేనా?" అని అడిగింది.

ఆమెకు ఆపరేషన్ అవసరం రాలేదు. చెప్పులు మార్చి, చెప్పు లోపల చిన్న మెత్త పెట్టి, మూడు నాలుగు వ్యాయామాలు నేర్పాము. పది వారాలకు రోజంతా పని చేయగలిగింది.

ఇలాంటి మంటతోనే వచ్చిన ఒక పెద్దాయనకు మాత్రం నేను ఇచ్చిన సలహా కీడు చేసింది. ఆ సంగతి కూడా దాచకుండా చెబుతాను. ఆ రెండు పాదాలకు తేడా ఏమిటో తెలిస్తే ఈ పాఠం సగం నేర్చుకున్నట్టే.

ఈ నొప్పి ఏమిటి?

మన ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు ఉన్నాయి. వాటిలో వేళ్ళ వెనుక, పాదం నడిమి భాగంలో ఉండే పొడవాటి ఎముకలు ఐదు. ఈ ఎముకల సందుల్లోంచి సన్నని నరాలు వేళ్ళకు వెళతాయి. ఎముకల తలలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచే గట్టి పట్టీ లాంటి బంధనం ఒకటి ఉంది. నరం దాని కిందనుంచి పోవాలి. ఇరుకు చెప్పుల వల్ల ఎముకలు దగ్గరకు నొక్కుకుపోయినా, వేళ్ళు పైకి వంగి బరువంతా పాదం ముందు భాగం మీద పడినా, నరం ఆ ఇరుకులో నలుగుతుంది. నెలల తరబడి నలిగితే దాని చుట్టూ ఉన్న పొర మందమై ఉబ్బుతుంది.

దీనిని మోర్టన్ న్యూరోమా అంటారు. అమెరికాలోని ఫిలడెల్ఫియా డాక్టర్ థామస్ మోర్టన్ 1876లో దీని గురించి వ్రాశాడు. అంతకు ముందే 1845లో లండన్‌లో పాదాల వైద్యం చేసే డర్లాకర్ అనే ఆయన కూడా ఇదే నొప్పిని వర్ణించాడు. "ఓమా" అనే పేరు విని చాలామంది గడ్డ అనీ, క్యాన్సర్ అనీ భయపడతారు. ఇది క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌గా మారదు కూడా. నలిగి మందమైన నరం, అంతే.

దీని గుర్తులు:

1. ఎక్కువగా ఒక పాదంలోనే, మూడు నాలుగు వేళ్ళ సందులో వస్తుంది. కొందరికి రెండు మూడు వేళ్ళ సందులో వస్తుంది.
2. నడిచేటప్పుడు, ఇరుకు చెప్పులు వేసుకున్నప్పుడు పెరుగుతుంది. చెప్పు విప్పి పాదం నిమిరితే తగ్గుతుంది.
3. మంట, సూదులు గుచ్చినట్టు ఉండటం, చెప్పులో రాయి ఉన్నట్టు అనిపించడం.
4. పైకి వాపు గానీ ఎరుపు గానీ సాధారణంగా కనిపించదు.

ఇది మగవారికంటే ఆడవారికి చాలా ఎక్కువ. నడి వయస్సులో ఎక్కువగా కనబడుతుంది.

మన ప్రాంతంలో ఎవరికి?

ఎత్తు మడమల బూట్లు వేసుకునే పట్నం వారి జబ్బు ఇది అని పుస్తకాల్లో చదువుకున్నాము. మన పనులు చూస్తే అలా అనుకోవడానికి లేదు. మిరప కల్లాల్లో గంటల తరబడి గొంతుకూర్చుని పనిచేసేవారి పిక్కలు బిగుసుకుపోయి ఉంటే, మడమలు నేలకు ఆనవు. బరువంతా వేళ్ళ మొదళ్ళ మీదే పడుతుంది. చీరాల, వేటపాలెం వైపు గుంట మగ్గాల మీద నేసేవారు రోజంతా పాదం ముందు భాగంతో కర్రలు తొక్కుతారు. వాడరేవు ఒడ్డున వలలు లాగేవారు ఇసుకలో వేళ్ళు దిగేసి, మడమలెత్తి లాగుతారు. పొద్దస్తమానం నిలబడే టీచర్లు, షాపుల్లో పనిచేసే అమ్మాయిలు, మా నర్సులు కూడా ఈ లెక్కలోని వారే.

నా సంగతే చెబుతాను. ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో తిరిగాను. ముందు భాగం ఇరుకుగా ఉన్న నల్ల బూట్లే వేసుకునేదాన్ని. ఎడమ పాదంలో ఈ మంట మొదలైతే ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. రోగులకు వద్దని చెప్పే నొప్పి మాత్రలు నేనే మింగాను. చివరకు మా ఫిజియోథెరపిస్టు అమ్మాయి నా బూటు తీసుకుని, కాగితం మీద నా పాదం గీసి, ఆ గీత మీద బూటు పెట్టి చూపించింది. రెండు వైపులా నా పాదం బూటు కంటే వెడల్పుగా ఉంది. నాకు నోట మాట రాలేదు.

మొదట ఈ పరీక్ష, తర్వాతే వ్యాయామం

ఇప్పుడు నా తప్పు. కొన్నేళ్ళ క్రితం ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం మెట్ల మీద ఒక పెద్దాయన, వల లాగే కుటుంబం వారు, నన్ను ఆపి, "అమ్మా, అరికాళ్ళ ముందర మంటలమ్మా" అన్నారు. నేను తొందరలో ఉన్నాను. పాదం చూడలేదు, ముట్టుకోలేదు. "బాబాయ్, గోరువెచ్చని నీళ్ళలో పెట్టుకుని, సీసా మీద పాదం దొర్లించు, తగ్గుతుంది" అన్నాను. ఆయనకు పదేళ్ళుగా షుగరు ఉంది. పాదాలకు స్పర్శ సగం పోయింది, ఆయనకు ఆ సంగతి తెలియదు. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో పాదం చెప్పలేకపోయింది. బొబ్బలెక్కాయి, పుండు పడింది. అది మానడానికి నాలుగు నెలలు పట్టింది. వేలు దక్కింది, కానీ ఆ నాలుగు నెలలూ ఆ ఇంట్లో వల లాగే చేతులు రెండు తగ్గాయి.

నలిగిన నరం వేరు, మొద్దుబారుతున్న నరం వేరు. రెండూ మంటగానే మొదలవుతాయి. నలిగిన నరానికి వ్యాయామం మేలు చేస్తుంది. మొద్దుబారిన పాదానికి అదే వ్యాయామం, అదే కాపడం చూడకుండా చేస్తే పుండు తెస్తుంది.

అందుకని ఇంట్లోనే ఈ పరీక్ష చేయండి. ఇంగ్లాండులోని ఇప్స్విచ్ ఆసుపత్రిలో తయారైన పద్ధతి ఇది. పనిముట్లేమీ అక్కరలేదు.

1. పరీక్ష చేయించుకునేవారు పడుకుని కళ్ళు మూసుకోవాలి.
2. ఇంట్లో ఒకరు తమ చూపుడు వేలి కొసతో వారి బొటనవేలు, మూడో వేలు, చిటికెన వేలు కొసలను ఒక్కొక్కటిగా తాకాలి. రెండు పాదాలకూ కలిపి ఆరు చోట్లు.
3. తాకడం పక్షి ఈక తగిలినంత తేలికగా, ఒకటి రెండు సెకన్లు మాత్రమే. నొక్కకూడదు, గోకకూడదు, తెలియలేదని అదే చోట మళ్ళీ తాకకూడదు.
4. తెలిసినప్పుడల్లా "కుడి" లేదా "ఎడమ" అని చెప్పాలి.

ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టు లెక్క. అలాంటివారు ఈ పాఠంలోని వ్యాయామాలు సొంతంగా మొదలుపెట్టవద్దు. డాక్టరుకు చూపించండి. షుగరు ఉన్నవారు అన్నీ తెలిసినా సంవత్సరానికి ఒకసారైనా ఆసుపత్రిలో పాదాల పరీక్ష చేయించుకోవాలి.

రెండు పాదాలకూ సమానంగా, మేజోడు తొడిగినంత మేర మంటలు, తిమ్మిర్లు ఉంటే అది మోర్టన్ నొప్పి కాకపోవచ్చు. షుగరు, బి-12 విటమిన్ లోపం, మద్యం, కిడ్నీ జబ్బు వీటిలో ఏదైనా కారణం కావచ్చు. టి.బి. మందుల్లో ఐసోనియాజిడ్ వల్ల కూడా ఇలా రావచ్చు. దానికి బి-6 విటమిన్ ఇస్తారు. అంతేకాని మీ అంతట మీరు టి.బి. మందు ఆపవద్దు.

స్పర్శ లేని మచ్చలు ఉంటే కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వారు నడిపిన కుష్ఠు ఆసుపత్రి పేరు ఈ ప్రాంతపు పెద్దలకు తెలుసు. ఆ జబ్బు ఇప్పుడు మందులతో పూర్తిగా నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. కుష్ఠు మాంసాన్ని తినేస్తుందని, అందుకే వేళ్ళు రాలిపోతాయని పూర్వం అనుకునేవారు. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఆ రోగుల చేతులు, పాదాలు జాగ్రత్తగా గమనించి, నొప్పి తెలియకపోవడం వల్ల తగిలిన దెబ్బలే వాటిని పాడుచేస్తున్నాయని చూపించాడు. మెత్తని రబ్బరు చెప్పులు, రోజూ పాదాలు చూసుకోవడం అనే అలవాట్లు ఆ పనిలోంచే బలపడ్డాయి. షుగరు ఉన్నవారికీ ఈ రోజు మనం చెప్పేది అదే. నొప్పి ఉన్న పాదం మనల్ని హెచ్చరిస్తుంది. నొప్పి తెలియని పాదాన్ని మన కళ్ళే కాపాడాలి.

ఫిజియోథెరపీలో ఏముంటుంది?

ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడమే అని మనవారిలో ఒక అభిప్రాయం ఉంది. ఈ నొప్పికి యంత్రాల వల్ల మేలు అని గట్టిగా చెప్పే రుజువులు తక్కువ. అసలు పని నరం మీద ఒత్తిడి తగ్గించడం. అది నాలుగు మెట్లుగా జరుగుతుంది.

మొదటి మెట్టు: చెప్పులు. సాయంత్రం పూట పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. అప్పుడు కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీయండి. మీ చెప్పును ఆ గీత మీద పెట్టండి. గీత బయటకు కనబడితే ఆ చెప్పు మీకు ఇరుకు. ముందు భాగం వెడల్పుగా, మడమ ఎత్తు తక్కువగా, అడుగు మెత్తగా, వెనుక పట్టీ ఉన్న చెప్పు మంచిది. పట్టీ లేని హవాయి చెప్పు జారిపోకుండా వేళ్ళతో పట్టుకుని నడుస్తాము. అది కూడా ముందు పాదానికి శ్రమే. పెళ్ళికీ క్రిస్మస్‌కూ కొన్న సూది మొన బూట్లు ఒక గంటకు మించి వద్దు. చాలామందికి ఈ ఒక్క మార్పుతోనే గణనీయంగా తగ్గుతుంది.

రెండవ మెట్టు: మెత్త. ఉన్ని ఫెల్టుతో గానీ రబ్బరుతో గానీ చేసిన చిన్న మెత్తను చెప్పు లోపల అంటిస్తారు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. మెత్తను నొప్పి ఉన్న చోట పెట్టకూడదు. దానికి కాస్త వెనుకగా, మడమ వైపుకు పెట్టాలి. అప్పుడు ఎముకలు కొద్దిగా లేచి విడివడి, నరానికి చోటు దొరుకుతుంది. నొప్పి మీదే పెడితే నొప్పి పెరుగుతుంది. మొదటిసారి ఫిజియోథెరపిస్టు చేత పెట్టించుకుని, ఆ చోటును పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

మూడవ మెట్టు: వ్యాయామాలు. రోజుకు రెండుసార్లు, పది నిమిషాలు చాలు.

(అ) పిక్క సాగదీయడం. గోడకు ఎదురుగా నిలబడి రెండు అరచేతులూ గోడకు ఆనించండి. నొప్పి ఉన్న కాలిని ఒక బార వెనక్కి పెట్టండి. వెనుక మోకాలు నిటారుగా, మడమ నేలకు ఆని ఉండాలి. ముందు మోకాలు వంచుతూ గోడ వైపు వాలండి. పిక్కలో లాగినట్టు తెలియాలి. 30 లెక్కపెట్టండి. మూడుసార్లు చేయండి. తర్వాత వెనుక మోకాలిని కూడా కొంచెం వంచి మూడుసార్లు చేయండి. పిక్క బిగుతుగా ఉంటే నడకలో మడమ త్వరగా లేచి బరువు ముందుకు పడుతుంది. అందుకే దీనికి మొదటి స్థానం.

(ఆ) అరికాలి వంపు లేపడం. కుర్చీలో కూర్చుని పాదం నేల మీద పెట్టండి. వేళ్ళు ముడవకుండా, వేళ్ళ మొదళ్ళను మడమ వైపు లాగినట్టు చేయండి. అరికాలి వంపు కాస్త పైకి లేస్తుంది. 5 లెక్కపెట్టి వదలండి. పదిసార్లు. మొదటి వారం రాకపోయినా ప్రయత్నించండి, తర్వాత వస్తుంది.

(ఇ) వేళ్ళు విప్పడం. అయిదు వేళ్ళనూ విసనకర్రలా విప్పి 5 లెక్కపెట్టండి. పదిసార్లు.

(ఈ) వేళ్ళు కిందికి వంచడం. చేత్తో పట్టుకుని వేళ్ళను మెల్లగా అరికాలి వైపు వంచి వదలండి. పదిసార్లు. గట్టిగా లాగవద్దు.

వీటితో పాటు ఫిజియోథెరపిస్టు పాదం ఎముకలను చేత్తో పట్టుకుని మెల్లగా కదిలిస్తారు. బిగుసుకున్న కీళ్ళు సడలడానికి ఇది కొందరికి ఉపయోగపడుతుంది. ఇది నేర్చినవారు చేసే పని. నూనె రాసి, నొప్పి ఉన్న సందులోనే బొటనవేలితో నొక్కించుకోవద్దు. నలిగిన నరాన్ని ఇంకా నలిపినట్టవుతుంది.

నాలుగవ మెట్టు: పని తీరు మార్చడం. పని మానమని చెప్పడం తేలిక. మానితే ఇల్లు గడవదు. కాబట్టి పని ఉంచి, భంగిమ మార్చండి. తొడిమలు తీసేటప్పుడు గొంతుకూర్చోకుండా పీట వేసుకోండి. పాదం పూర్తిగా నేలకు ఆనాలి. అరగంటకు ఒకసారి లేచి నాలుగడుగులు వేయండి. మగ్గం తొక్కేటప్పుడు వేళ్ళ మొదళ్ళతో కాక పాదం మధ్య భాగంతో తొక్కడానికి చూడండి. నొప్పి ఉన్న రోజుల్లో ఇసుకలో దూరం నడవవద్దు. పని అయ్యాక, స్పర్శ బాగా ఉన్నవారు మాత్రమే, ఐసును గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టుకోవచ్చు.

ఎన్నాళ్ళకు తగ్గుతుంది?

ఒక వారంలో తగ్గలేదని మానేసేవారు చాలామంది. ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టండి. క్యాలెండరులో రోజూ రాత్రి నొప్పికి 10కి ఎన్ని మార్కులో వేసుకోండి. వ్యాయామం తర్వాత 3 మార్కుల లోపు నొప్పి వచ్చి తెల్లవారేసరికి పోతే భయం లేదు. మరుసటి రోజుకు కూడా నిలిస్తే సగానికి తగ్గించండి.

ఉన్నమాట చెప్పాలి. ఫిజియోథెరపీతో అందరికీ తగ్గదు. మూడు నెలలు శ్రద్ధగా చేసినా తగ్గకపోతే డాక్టరు అల్ట్రాసౌండ్ స్కాన్ తీయించి, నరం పక్కన స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. కొందరికి కొన్ని నెలలు ఉపశమనం ఉంటుంది. అయితే షుగరు ఉన్నవారికి ఇంజెక్షన్ తర్వాత కొద్ది రోజులు షుగరు పెరుగుతుంది. మాటిమాటికి చేయించుకుంటే అరికాలి కింది కొవ్వు మెత్త పలచబడవచ్చు. చివరి మార్గం ఆపరేషన్. ఆ నరాన్ని తీసివేస్తే ఆ రెండు వేళ్ళ మధ్య స్పర్శ శాశ్వతంగా ఉండదు. కొందరికి నొప్పి మళ్ళీ రావచ్చు కూడా. అందుకే మొదట చెప్పులు, మెత్త, వ్యాయామం అంటున్నాము.

మీరు అడిగిన ప్రశ్నలు

ప్రశ్న: నొప్పి మాత్రలు వేసుకుంటూ ఉండవచ్చా?
జవాబు: నలిగిన నరం నొప్పికి మామూలు నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు అంతగా పనిచేయవు. నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు హాని.

ప్రశ్న: నడుము నుంచి తొడ, పిక్క మీదుగా పాదానికి లాగుతోంది. ఇదేనా?
జవాబు: అది నడుములోని నరం కావచ్చు. పాదానికి ఎన్ని మెత్తలు పెట్టినా తగ్గదు. నడుము పరీక్ష చేయించుకోండి. పాదం పైకి లేపలేకపోతే ఆలస్యం చేయవద్దు.

ప్రశ్న: మందిరంలోకి చెప్పులు లేకుండా వెళతాము. ఏం చేయాలి?
జవాబు: స్పర్శ తగ్గినవారు లోపల వాడడానికి శుభ్రమైన మెత్తని జత ఒకటి వేరుగా పెట్టుకోండి. ఎండాకాలం ఆరాధన ముగిసే వేళకు బయట బండలు కాలిపోతుంటాయి. మన పాదాలకు చురుక్కుమంటే పరుగెత్తుతాము. స్పర్శ లేనివారు నిదానంగా నడిచి వెళతారు, ఇంటికి వెళ్ళాక బొబ్బలు చూసుకుంటారు. అలాగే పత్తి చేలో మోళ్ళ మీద, మధ్యాహ్నం సముద్రపు ఇసుక మీద వట్టి కాళ్ళతో నడవవద్దు.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు

పాదంలో పుండు, చీము, దుర్వాసన. పాదం హఠాత్తుగా చల్లబడి నల్లగా లేదా నీలంగా మారడం. షుగరు ఉన్నవారికి పాదం వేడిగా, ఎర్రగా వాయడం, నొప్పి లేకపోయినా సరే. జ్వరంతో పాటు పాదం వాపు. ఎముక మీద ఒకే చోట నొక్కితే తీవ్రమైన నొప్పి. వీటికి వ్యాయామం వైద్యం కాదు.

గుర్తుంచుకోవలసినవి

1. ముందు స్పర్శ పరీక్ష, తర్వాత వ్యాయామం.
2. వెడల్పు చెప్పు మొదటి మందు.
3. మెత్త నొప్పి మీద కాదు, నొప్పికి వెనుక.
4. పిక్క సాగదీయడం రోజుకు రెండుసార్లు, మూడు నెలలు.
5. స్పర్శ లేని పాదానికి వేడి నీళ్ళు, కాపడం, ఐసు, వట్టి కాళ్ళ నడక వద్దు.

ఆ పెద్దాయన ఇప్పుడు ప్రతి రాత్రి మనవరాలి చేత పాదాలు చూపించుకుంటారు. ఆ అమ్మాయి అరికాళ్ళు, వేళ్ళ సందులు దీపం పెట్టి చూసి, "తాతా, బాగున్నాయి" అంటే గాని ఆయన పడుకోరు. నేను కూడా మెట్ల మీద సలహాలు చెప్పడం మానుకున్నాను. ఎవరైనా పాదం నొప్పి అంటే, "కూర్చోండి, చెప్పు విప్పండి, కళ్ళు మూసుకోండి" అంటున్నాను. ఈ రాత్రి మీ ఇంట్లో షుగరు ఉన్న అమ్మకో, నాన్నకో, అత్తమామలకో ఆ ఆరు చోట్లా తాకి చూడండి. రెండు నిమిషాల పని.

– నర్సింగ్ సూపరింటెండెంట్